సోమవారం మీటింగు

లింబాయత్‌లోని ఆ మగ్గాల కార్ఖానాలో సోమవారం పొద్దున ఓడిన జట్టును వరసగా నిలబెట్టి, గెలిచిన జట్టు చేత నవ్వించేవారు. నవ్వకపోతే మేనేజర్ హర్షద్‌భాయి ఊరుకునేవాడు కాదు. టార్గెట్ ఎంతవరకు వచ్చిందో కలిసి చూసుకోవడానికే ఈ మీటింగని మొదట్లో చెప్పాడు. తర్వాత మనుషులను రెండు జట్లు చేశాడు. ఒకదానికి లింగమూర్తి పెద్ద, రెండోదానికి సంపత్.

ఇద్దరూ సిరిసిల్ల పక్కన ఒకే ఊరి నుంచి ఇక్కడికి వలస వచ్చినవాళ్లే. సంపత్‌కు మగ్గం నేర్పింది లింగమూర్తే. జ్వరమొస్తే తన గదిలో పడుకోబెట్టి గంజి పోసిందీ అతనే. ఇప్పుడు ప్రతి వారం వాడి మెడలో దండ, వాడికి చప్పట్లు. హిందీ బాగా వచ్చు కాబట్టి మేనేజర్ వాడి భుజం మీద చెయ్యేసి మాట్లాడతాడు. లింగమూర్తికి కడుపు మండిపోయేది. అవతలి జట్టులో దారం తెగిందని వింటే ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు మేనేజర్ పక్కకు పిలిచి, నీ జట్టంతా ముసలాళ్లని సంపత్ అంటున్నాడని చెప్పాడు. మర్నాటి నుంచి లింగమూర్తి తన మనుషులను టీకి కూడా వదల్లేదు. జట్టులోని సోమలింగం వచ్చి, తన మగ్గంలో దారం మోసే షటిల్ బయటికి ఎగిరేలా ఉంది, ఆపి బాగుచేయిద్దామన్నాడు.

"ఈ వారం గడవనియ్యి. గిప్పుడు ఆపితె ఆ సంపత్‌గాని ముంగట మల్ల తల దించాలె," అన్నాడు లింగమూర్తి.

శనివారం షటిల్ ఎగిరి సోమలింగం కంట్లో తగిలింది.

కండెలు చుట్టే గంగవ్వ అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. షిఫ్టు అయ్యేదాకా ఎవరూ కదలొద్దన్నాడు మేనేజర్. లింగమూర్తి కదల్లేదు. సంపత్ మాత్రం మగ్గం ఆపేసి వెళ్లిపోయాడు. సాయంత్రం ఆసుపత్రి వరండాలో వాణ్ని చూడగానే లింగమూర్తికి మళ్లీ అదే మంట. ఇక్కడా వీడే ముందు.

కన్ను పోయిందని డాక్టరు చెప్పి వెళ్లాడు. గంగవ్వ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఎవని కోసం కొట్లాడుతున్నారని అడిగింది.

"నేను దొంగ లెక్కలు జెప్తున్ననని లింగన్న అన్నడట. మేనేజరే చెప్పిండు," అన్నాడు సంపత్.

లింగమూర్తి అలాంటి మాటే అనలేదు. ముసలాళ్లన్న మాట సంపతూ అనలేదు. ఎవరు గెలిచినా మరుసటి వారం టార్గెట్ ఇద్దరికీ పెరుగుతోందన్న సంగతి అప్పుడు తట్టింది వాళ్లకు. మగ్గం ఆపొద్దన్నది తనేనని చెప్పి లింగమూర్తి మొహం తిప్పుకున్నాడు.

ఆదివారం రెండు జట్లూ గంగవ్వ ఉండే గల్లీలో కూడాయి. ఇక జట్లు వద్దనుకుంటుంటే లింగమూర్తి జట్టులోని రాజమల్లు అడ్డం తిరిగాడు. వారమంతా టీ కూడా మాని నేశారు, పైగా సంపత్ మగ్గం ఆగింది, కాబట్టి ఆ వారం గెలుపు తమదే.

"ఇన్ని వారాలు వాళ్లు మమ్ముల జూసి నవ్విండ్రు. ఒక్కసారన్న మేం నవ్వొద్దా?"

"నవ్వు. సోమలింగం ముంగటికి వోయి నవ్వు," అంది గంగవ్వ.

రాజమల్లు దాంతో మెత్తబడి, రేపు ఏం చెయ్యాలో చెప్పమన్నాడు.

సోమవారం మేనేజర్ లింగమూర్తిని పిలిచి దండ ఎత్తాడు. ఒక మనిషి తగ్గినా టార్గెట్ తగ్గదని కూడా అన్నాడు. ఇన్నాళ్లూ ఆ దండ కోసం కుమిలిన లింగమూర్తి చెయ్యి అడ్డం పెట్టాడు. జనం వైపు తిరిగాడు.

"కన్ను వొయినోనికి వైద్యం జెయ్యాలె. షటిల్ ఎగరకుంట మగ్గాలకు జాలీలు వెట్టాలె. అప్పటిదాంక మనల జట్లు లెవ్వు, టార్గెట్ లేదు."

సంపత్ దాన్ని హిందీలో చెప్పాడు. అక్కడే పనిచేసే ఒడియా కార్మికులు కూడా వచ్చి వాళ్ల పక్కన నేలమీద కూర్చున్నారు. ఒక్క మగ్గమూ ఆడలేదు. మేనేజర్ గొంతు మొదటిసారి అందరికీ స్పష్టంగా వినబడింది.

మధ్యాహ్నం పోలీసు జీపొచ్చింది. హిందీలో మాట్లాడినవాడే నాయకుడనుకుని సంపత్‌ను పట్టుకున్నారు. వాణ్ని జీపెక్కిస్తుంటే లింగమూర్తి గుండెలో పాత మంట ఒకసారి రేగింది. మళ్లీ వాడేనా? తన బుద్ధికి తనకే నవ్వొచ్చింది. జనాన్ని తోసుకుంటూ వెళ్లి, ఎవరూ పిలవకుండానే జీపెక్కాడు.

"జైలుకు గుడ నేను ఒక్కన్ని వోతె ఓర్వవా అన్నా?" అన్నాడు సంపత్.

"జరుగు," అన్నాడు లింగమూర్తి.

జీపు కదలలేదు. దాని ముందు దారికి అడ్డంగా రాజమల్లు కూర్చున్నాడు. అతని పక్కన గంగవ్వ, ఆ వెనక కార్ఖానా గల్లీ నిండా రెండు జట్ల మనుషులు, ఎవరు ఏ జట్టో తెలియకుండా.