గింజలు వేయకుండా మిల్లు తిప్పం

హలో, వినబడుతున్నానా? బస్సులో ఉన్నా సరే, ఒక్క నిమిషం వినండి. పోయిన మంగళవారం మన్సూరాబాద్ వెనకాల మా రబ్బరు షెడ్డులో మాతో పనిచేసే మట్టయ్య రెండు వేళ్లు పోయాయి. నా కళ్ల ముందే.

మా పని రబ్బరును మిల్లులోని రెండు ఇనుప రోలర్ల మధ్య పిసికి మెత్తగా చేయడం. ప్రతి ముద్దకూ గుప్పెడు మందు గింజలు వేయాలి. చూడటానికి మైనంలా ఉంటాయి. అవి పడితే రబ్బరు తేలిగ్గా సాగుతుంది, రోలరుకు అంటుకోదు. లేకపోతే జిగురులా పట్టుకుంటుంది, చేత్తో పీకాలి. మూడు నెలలుగా ఓనరు శ్రీరామమూర్తి ఆ గింజలు తెప్పించడం మానేశాడు. అలా పీకుతుంటేనే మట్టయ్య చెయ్యి రోలర్ల మధ్యకు పోయింది.

మట్టయ్యను దవాఖానలో చేర్చి వచ్చి షెడ్డు ముందు కూర్చున్నాం.

"ఆయన జాగ్రత్తగా లేడండీ, నేనేం చేయను?" అన్నాడు ఓనరు.

షీట్లు కోసే యాదలక్ష్మి లేచింది. "జాగ్రత్తనా? నువ్వొచ్చి పీకు సారూ, జర మేం గూడ చూస్తం!"

ఓనరు కారెక్కి పోయాడు. అప్పుడు మిల్లు నడిపే తిరుపతి మెల్లగా అన్నాడు: "తప్పు మనది గూడ ఉన్నది. గింజలు ఐపోయిననాడు 'మా చేతులు చాలు సార్' అని మీసం తిప్పింది ఎవలు? మనమే గద!"

నేనూ తిప్పాను మీసం. మా పనితనానికి మేమే మురిసిపోయాం, ఓనరు దాన్నే వాడుకున్నాడు.

"అయితె ఇగ మా చేతులు దొరకయని చెప్దాం" అంది యాదలక్ష్మి.

నాలుగు రోజులు మిల్లు తిరగలేదు. ఐదో రోజు పొద్దున ఎల్బీ నగర్ కూలీల అడ్డా నుంచి ఎనిమిది మందిని ఆటోల్లో దింపాడు ఓనరు. మేం గేటుకు అడ్డం నిలబడ్డాం.

వాళ్లలో ఒకతను మా మీదికొచ్చాడు. "మా పొట్ట మీద కొడ్తరా అన్నా? మా పిల్లలు తినొద్దా?"

చేతికట్టుతో మట్టయ్య ముందుకొచ్చాడు. "తినాలె తమ్మీ. మందు గింజలెయ్యకుంట నడిపితె నా వేళ్లు పోయినయ్. ఏ చేత్తోని పెడ్తవ్ మరి?"

అతను ఆ కట్టు వంక చాలాసేపు చూశాడు. ఓనరు వైపు తిరిగాడు. "సార్, గింజలేసి నడిపిస్తరా?"

"ముందు స్విచ్ వేయవయ్యా, తర్వాత చూద్దాం."

"నై సార్."

ఎనిమిది మందీ వచ్చి మా పక్కన కూర్చున్నారు.

ఓనరు ఫోన్ చేస్తే పోలీసు వ్యాను వచ్చింది. యాదలక్ష్మినీ తిరుపతినీ ఎక్కమన్నారు.

"ఇద్దరేంది సారూ? అందర్ని ఎక్కించుకోండ్రి" అంటూ మట్టయ్య ముందే ఎక్కాడు. చోటు చాలక మిగతా వాళ్లం మెట్రో లైను కింద స్టేషను దాకా నడిచాం. ఇప్పుడు స్టేషను బయటే కూర్చుని ఈ వాయిస్ మెసేజ్ పెడుతున్నా. షెడ్డు ఇంకా మూసే ఉంది.

రబ్బరు షెడ్లలో పనిచేసేవాళ్లు మీకు తెలిస్తే వాళ్ల గ్రూపుల్లో దీన్ని వేయండి. చైతన్యపురి హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలూ, మీ నాన్న ఏ మిషను ముందు నిలబడుతున్నాడో ఈరోజే ఫోన్ చేసి అడగండి.