నిరుటి ఫోను

గాజుబల్ల తుడిచీ తుడవగానే ఎవడో ఒకడు వచ్చి మళ్ళీ చెయ్యి ఆనిస్తాడు. పిచ్చేశ్వరరావు ఆ చేతిని చూసి పళ్ళు నూరుతాడు గానీ, ఆ చేతి తాలూకు మనిషిని చూడడు. బందరు కోనేరు సెంటరుకి కాస్త అవతల, సందు మొగలో ఉన్న సెల్‌ఫోన్ల షాపులో పొద్దున్నే అతని పని అది. ఇవాళ ఇంకో కొత్త మోడల్ విడుదల. గుమ్మానికి బెలూన్లు కట్టారు. చెవులు చిల్లులు పడేలా స్పీకర్లో పాటలు పెట్టారు. కంపెనీవాళ్ళు పంపిన నల్ల టీషర్టు అందరూ వేసుకోవాలన్నారు. పిచ్చేశ్వరరావు దాన్ని చొక్కా మీదే తొడుక్కున్నాడు. అది బొజ్జ దగ్గర బిగుసుకుపోయింది. కింద చారల చొక్కా అంచు వేలాడుతోంది. సన్నటి కాళ్ళు, ముందుకు వంగిన మెడ, చెవుల్లోంచి బయటికొచ్చిన తెల్ల వెంట్రుకలు. ఇప్పుడే ఎవరో కాలు తొక్కినట్టు మొహంలో ఎప్పుడూ ఒక చిరాకు.

మంచివాడని అతన్ని ఎవరూ అనలేదు. అనాలని అతనూ చూడలేదు. వయసంతా బట్టల కొట్లో చీరలు విప్పి చూపించడంలోనే గడిచిపోయింది. ఆ కొట్టు మూతపడ్డాక, పాత యజమానికి మేనల్లుడి వరసయ్యే నరేంద్ర ఈ షాపు తెరుస్తూ, "రా బాబాయ్, నీకు బేరం తెలుసుగా" అని పిలిచాడు. బేరం తెలుసు, నిజమే. కానీ ఫోనంటే పిచ్చేశ్వరరావుకి గిట్టదు. చీరకైతే అంచుంటుంది, పోగుంటుంది, చేత్తో పట్టుకుంటే ఏదో ఒకటి తెలుస్తుంది. ఈ పలకలకేముంది? ఏడాదికోసారి వీపు మీద ఇంకో కన్ను అతికించి కొత్తదంటారు. జనం ఎగబడతారు. ఆ ఎగబడడం చూస్తే అతనికి ఒళ్ళు మండిపోతుంది.

అందుకే అతను పట్టుబట్టి నిరుటి ఫోను అమ్ముతాడు.

"ఎందుకండీ అంత తొందర?" అన్నాడు ఇవాళ కూడా, కొత్తది అడిగిన ఒక కుర్రాడితో. "ఇది నిరుటిది. రోగాలన్నీ బయటపడి కుదురుకుంది. ధర కూడా దిగింది. ఇందులో మాట్లాడితే వినపడదా? ఫొటో పడదా?"

"నాకు కొత్తదే కావాలండీ."

"అయితే తగలెయ్యండి. నాదేం పోయింది?"

బిల్లు కొట్టే అమ్మాయి అక్షిత గబగబా వచ్చి ఆ కుర్రాణ్ణి అవతలికి తీసుకెళ్ళింది. నరేంద్ర అద్దాల గదిలోంచి చూస్తూనే ఉన్నాడు. కొత్తవి అమ్మితేనే అతనికి కంపెనీ దగ్గర పేరు. "ఇంకొక్కసారి ఎవరికైనా పాతది కట్టబెట్టావని తెలిస్తే మాత్రం మొహమాటపడను బాబాయ్" అని మొన్ననే గట్టిగా చెప్పాడు. అన్నంత పనీ చేసేవాడే. ఇక్కడ కాదంటే ఈ వయసులో ఇంకో కొట్టువాడు గుమ్మం ఎక్కనివ్వడు. భార్య రత్నం చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ గొలుసులు అతికే పనికి వెళ్ళేది. చూపు మసకబారి మానేసింది. ఇద్దరికీ ఈ షాపే దిక్కు. అంతా తెలిసీ నోరు ఊరుకోదు, ఏం చేస్తాం.

భోజనాల వేళకి జనం పలచబడ్డారు. అప్పుడు తెల్లచొక్కా భారీ మనిషి ఒకడు విసురుగా లోపలికొచ్చి, చేతిలో ఉన్న ఫోను పెట్టెని ధబీమని గాజుబల్ల మీద పడేశాడు. అతని వెనకే తల దించుకుని శివరామయ్య మాస్టారు వచ్చారు. నాగాయలంకలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కిందటి వారమే ఈ బల్ల దగ్గర నిలబడి, ఈ ఏడాదే వచ్చిన కొత్త ఫోను అడిగారు. పిచ్చేశ్వరరావు వద్దని నచ్చజెప్పి నిరుటిది చేతిలో పెట్టాడు. మాస్టారు బుద్ధిగా విన్నారు. ఆ పూట అతనికి అన్నం సయించింది కూడా.

"ఎవడయ్యా ఇది అమ్మింది?" అన్నాడు తెల్లచొక్కా. "మాది గుడివాడ. మా మేనకోడలు హరిణిని ఈయన కొడుక్కి ఇస్తున్నాం. నిశ్చితార్థంలో తాంబూలంతో పాటు ఇది పెట్టారు. నలుగురి ముందూ విప్పితే పాతది! పిల్ల స్నేహితురాళ్ళు పగలబడి నవ్వారు. మా అక్క ఒకటే ఏడుపు. ఇవాళ పాత ఫోను పెట్టినవాళ్ళు రేపు పాత చీర పెట్టరా?"

"అది వాడింది కాదండీ, సీలుతో..." అక్షిత ఏదో చెప్పబోయింది.

"నువ్వుండమ్మా!"

పిచ్చేశ్వరరావు పెట్టె వంక చూశాడు. నాలుగు మూలలా పసుపు. మధ్యలో కుంకుమ బొట్టు. మూత సందులో ఒక అక్షింత ఇరుక్కుని ఉంది.

బట్టల కొట్లో ఉన్నన్నాళ్ళూ, గుమ్మంలో కాలు పెట్టిన ప్రతి ఆడమనిషినీ ముందు అడిగే మాట ఒకటుంది. "పెట్టుబడికా అమ్మా, కట్టుకోడానికా?" కట్టుకోడానికైతే మన్నిక చూపించాలి. ఒకరికి పెట్టడానికైతే నలుగురి కళ్ళకీ ఆనేది చూపించాలి. ఆ మాట అడక్కుండా చీర విప్పిన గుమస్తా గుమస్తానే కాదు. ఫోను దగ్గర అతను అడగలేదు. ఈ పలకకి కూడా పసుపు రాసి పళ్ళెంలో పెడతారని తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ వెనకే మాస్టారి మీద పట్టరాని కోపం వచ్చింది. కోడలికని ఒక్క ముక్క చెప్పి ఏడవచ్చుగా ఈ పెద్దమనిషి!

"తేల్చండి," అన్నాడు మేనమామ. "పిసినారితనం ఈయనదా, మోసం మీదా? ఈయనదే అయితే ఈ సంబంధం ఇక్కడితో సరి. మా అక్క బయట కార్లోనే ఉంది, చెప్పేస్తాను."

నరేంద్ర పరుగున వచ్చాడు. "ఎవరేది అడిగితే మేం అదే ఇస్తామండీ. అడక్కుండా పాతది ఎందుకిస్తాం?"

మాస్టారి భుజం మీది కండువా కొస పిడికిట్లో నలిగిపోతోంది. ఆయన పిచ్చేశ్వరరావు వైపు ఒక్కసారి చూసి, చప్పున కళ్ళు దించుకున్నారు.

"మాస్టారు కొత్తదే అడిగారండీ," అన్నాడు పిచ్చేశ్వరరావు. "నేనే పాతది కట్టబెట్టాను. ఆయనకి తెలీదు."

మొదటి రెండూ నిజాలే. చివరిదే అబద్ధం.

"బాబాయ్!" అని అరిచాడు నరేంద్ర.

"చదువు చెప్పే ఆయన్ని మోసం చేస్తావా? సిగ్గులేదూ నీకు?" అన్నాడు మేనమామ.

"లేదండీ. కొత్తది పుచ్చుకుని దయచెయ్యండి."

షాపులో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. నరేంద్ర చేసేది లేక కొత్త పెట్టె తీసి ఇచ్చాడు. మేనమామ కాస్త చల్లబడి, "పదండి బావగారూ, మీదేం తప్పులేదు" అంటూ మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు. మాస్టారు ఆ పెట్టెని రెండు చేతులతో పొదివిపట్టుకుని వెళ్ళిపోయారు. ఒక మాట లేదు, వెనక్కి తిరిగి ఒక చూపు లేదు. తిరిగితే గుట్టు బయటపడుతుందని భయం కావచ్చు. కావచ్చు గానీ, పిచ్చేశ్వరరావు పాత పెట్టెని పక్కకి నెట్టి గాజుబల్లని కసిగా తుడిచాడు.

నరేంద్ర స్పీకరు కట్టేశాడు.

"పిచ్చేశ్వరరావు గారూ," అన్నాడు.

ఇన్నేళ్ళలో బాబాయ్ అనడమే తప్ప ఈ పిలుపు అతని నోట వినలేదు. ఇక మిగతాది వినే పని లేదు.

"రేపట్నుంచి మీరు రావక్కర్లేదండీ."

"రేపటిదాకా ఎందుకు?"

టీషర్టు తలమీదుగా లాగుతుంటే కళ్ళజోడు చిక్కుకుంది. అక్షిత వచ్చి విడిపించింది. దాని కళ్ళలో నీళ్ళు చూసి, "నీకేమైందే?" అని కసిరాడు. గుమ్మంలో మొహానికి తగిలిన బెలూన్ని పక్కకి తోసి, ఎండలోకి దిగి సైకిలు తీశాడు. రత్నానికి ఎలా చెప్పాలో తోచక, ముందుగా మాస్టార్ని తిట్టుకుంటూ చిలకలపూడి వైపు నడిపించుకుపోయాడు.

కాసేపటికి నరేంద్ర పాటలు మళ్ళీ పెట్టించాడు. వాపసొచ్చిన ఆ నిరుటి ఫోను పెట్టె తుడిచి అరలో పెట్టమని అక్షితకి చెప్పాడు. తడిగుడ్డతో రుద్దితే కుంకుమ పోయింది గానీ, తెల్ల అట్టలోకి ఇంకిన పసుపు నాలుగు మూలలా అలాగే ఉండిపోయింది.