ఎగరని ఫ్యూజు

కాల్చిన పెద్ద కండ మిరపకాయల తొక్క తీస్తున్నాను. బాల్కనీలో నాన్న కరెంటు పొయ్యిలోంచి ఒక్కో కాయనూ పట్టకారుతో తీసి గిన్నెలో పడేస్తున్నాడు. సెప్టెంబరు వచ్చిందంటే బల్గేరియాలోని మా వ్రాత్సా ఊళ్లో ప్రతి బాల్కనీదీ ఇదే వాసన.

"చేతులిక్కడ, మనసెక్కడో. త్వరగా కానివ్వు విహ్రా, కాయలు చల్లారితే తొక్క రాదు," అన్నాడు.

నిజమే. ఒకటి వలుస్తాను, లేచి వెళ్లి ప్లగ్గు పక్కన గోడ మీద అరచెయ్యి పెడతాను, మళ్లీ వచ్చి కూర్చుంటాను. గోడ వెచ్చగా ఉంది.

కాలిపోయిన ఇళ్లలో తీగలు పరీక్షించి, మంట ఎక్కడ పుట్టిందో చెప్పడం నా ఉద్యోగం. ఇంజనీరింగు అయినప్పటి నుంచీ ఇదే పని. ఎవరింటికి భోజనానికి వెళ్లినా నా కళ్లు ఫ్యూజుల పెట్టె మీదకే పోతాయి. ఈసారి కాలింది మా పక్క వాటాలో త్సోనా పిన్ని వంటిల్లు.

పిన్ని మా బల్ల దగ్గరే కూర్చుని ఉంది. ఆమె కొడుకు గాలిన్ కింద కారులో ఆమె సామాను సర్దుతున్నాడు. తన తల్లి పొయ్యి ఆపడం మరిచిపోయిందనే అతని నమ్మకం. అందుకే వృద్ధాశ్రమంలో చేర్పిస్తున్నాడు.

"ఆపాననే గుర్తు తల్లీ. వాడు అడగ్గా అడగ్గా, ఆపలేదేమోనని నాకే అనిపిస్తోంది," అంది పిన్ని.

"నువ్వా మరిచేది త్సోనా? నేనెప్పుడో తీసుకున్న జాడీ ఇప్పటికీ అడుగుతావు!" అన్నాడు నాన్న.

"అడిగితే మాత్రం ఇచ్చావా?"

నాన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నిన్న ఆ వంటిల్లు చూశాను. పొయ్యి ప్లగ్గు పీకే ఉంది. పగలంతా పొయ్యీ ఓవెనూ కలిసి లాగిన కరెంటుకు గోడలో తీగ కాగిపోయింది. దాని వేడికి చెక్క పలకలు లోలోపల కుమిలి, ఆమె అన్నీ ఆపేశాక అంటుకున్నాయి. అంతకుముందే ఎగిరిపోవలసిన ఫ్యూజు ఎగరలేదు.

"నాన్నా, మన ఫ్యూజు చివరిసారి ఎప్పుడు ఎగిరింది?"

"నేను కట్టాక ఎగరడమా! ముప్పయ్యేళ్లు మోటార్లకు తీగ చుట్టిన చెయ్యమ్మా ఇది. ఈ మెట్ల వెంట ఉన్న ఇళ్లన్నిటి ఫ్యూజులూ నేను కట్టినవే."

"అవును," అంది పిన్ని. "ఇదివరకు పొయ్యి పెడితే చాలు, ఇల్లంతా చీకటి. మీ నాన్న కట్టాక మళ్లీ ఎగిరితే ఒట్టు."

లేచి వెళ్లి మెయిను ఆపాను. మా ఫ్యూజు విప్పి తెచ్చి తొక్కల మధ్య పెట్టాను. దాని చుట్టూ ఎర్ర పూత ఉన్న లావుపాటి మోటారు తీగ. కొస లోపలికి మడిచి ఉంది, నాన్న ఎప్పుడూ మడిచేటట్టే.

"పిన్ని ఇంట్లో దొరికిందీ ఇదే తీగ నాన్నా. ఇదే మడత. సన్న తీగ ఉంటే ఎగిరిపోయేది, గోడ కాలేది కాదు."

పిన్ని నా మణికట్టు పట్టుకుంది.

"అయితే ఆపానా నేను?"

"ఆపావు పిన్నీ."

"ఆపాను," అంది తనలో తాను. "ఆపానని చెప్తూనే ఉన్నాను."

కింద కారు డిక్కీ మూసిన చప్పుడైంది. నాన్న పట్టకారు బల్ల మీద పెట్టాడు. మసి చేతులతోనే ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాడు. పిన్ని వైపు గానీ నా వైపు గానీ చూడలేదు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే, తలుపు వెయ్యకుండా, మెట్లు దిగి గాలిన్ దగ్గరికి వెళ్లాడు.