వాల్వు కిందికి రావాలి

మా మావయ్య చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్పానరు ఉంటుంది. అట్టముక్కంత పల్చన. సైకిలు చక్రం నడిమి హబ్బులో, ఇరుసు మీద మరలా బిగించే కోను పట్టుకోవడానికి అలాంటిదే కావాలి, మా రిపేరు కొట్లో ఉన్నది ఆ ఒక్కటే. పని పడినప్పుడు తీసి నా చేతిలో పెడతాడు, అయిపోగానే చెయ్యి చాపుతాడు. ఇంకోటి కొందామంటే, "ఒక్కటి చాలు. రెండుంటే రెండూ పోగొడతావ్" అంటాడు.

ఇల్లరికపు అల్లుణ్ణి నేను. ముందూ వెనకా ఎవరూ లేనివాణ్ణి చేరదీసి, పని నేర్పి, పిల్లనిచ్చాడు. కాదనను. కానీ ఆ ఇల్లు చూడాలి మీరు! ముందు కొట్టు, వెనక మా గది, మధ్య ఒక తెర. కొట్టు పైకప్పు నిండా చక్రాలు వేలాడుతుంటాయి, తల వంచుకుని తప్ప నడవలేం. కిటికీ అన్న మాటే లేదు. రాత్రి మావయ్య మంచం తెరకి అటువైపే. నేను తుమ్మితే "జలుబా?" అంటాడు. పెళ్ళాంతో ఓ మాట గుసగుసలాడితే దానికీ అటునుంచే జవాబు! ఊపిరాడక చస్తున్నాను బాబూ అని ఎవరితో చెప్పుకోను?

అలాంటి నాకు ఒక దారి దొరికింది. పాత సైకిళ్ళు పోగేసే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, మా కొట్టుకి పాత ఖాతాదారు. సముద్రం పక్క ఊళ్ళో పెద్ద హాలు కట్టి తన సైకిళ్ళన్నీ అందులో పెడుతున్నాడు. చక్రాలు చూసుకోవడానికి మనిషి కావాలన్నాడు. ఉండటానికి మేడ మీద రెండు గదులు, గదికో కిటికీ. "మీ అల్లుడు పనికొస్తాడని మీరు మాటిస్తే చాలు, ఇంకేం అడగను" అని మావయ్యతో అన్నాడు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తానన్నాడు.

మావయ్య ఊరికే మాటిస్తాడా? "ఒక్క చక్రం మొదట్నుంచీ చివరిదాకా నువ్వే చెయ్యి. నా చేతిలో ఊగితే చెప్తా. ఊగకపోతే నా నోట అబద్ధం రాదు" అన్నాడు.

ఊగడమంటే ఏమిటో చెప్తాను. పాత హబ్బు విప్పితే గ్రీజు ఎండి జిగురులా పట్టేసి ఉంటుంది. కిరసనాయిల్లో కడిగి, దాని కప్పులో కొత్త ఇనప బాల్సు పేర్చి, కొత్త గ్రీజు పెట్టి, కోను బిగించాలి. అసలు తంటా అక్కడే. వదులైతే చక్రం లొడలొడలాడుతుంది. బిగువైతే బాల్సు కప్పుని కొరికేస్తాయి. పైగా కోను కదలకుండా దానిమీద చెక్‌నట్ బిగిస్తుంటే కోను కూడా దాంతోపాటు రవ్వంత తిరుగుతుంది, ఆ రవ్వంతా ముందే వదిలిపెట్టాలి. ఎంత వదలాలీ అంటే వేళ్ళకి తెలియాల్సిందే. అంతా అయ్యాక మావయ్య ఇరుసు రెండు కొసలూ పట్టుకుని చక్రాన్ని గాల్లో పెడతాడు. సరిగ్గా ఉంటే గాలి కొట్టే వాల్వు బరువుకే చక్రం మెల్లగా తిరుగుతుంది. వాల్వు కిందికొచ్చి, అటూ ఇటూ ఊగి, అప్పుడు ఆగుతుంది.

వారమంతా చేశాను. భోజనానికి ముందు నా చేతిలో హాయిగా ఊగేది. భోంచేసొచ్చాక మావయ్య పట్టుకుంటే వాల్వు ఎక్కడున్నది అక్కడే బిగుసుకుపోయేది. "ఇంకా బిగువే అల్లుడూ" అనేవాడు. నాకు మతి పోయినంత పనయ్యేది. నా పెళ్ళాం పక్కనే నిలబడి, "పోనీలెండి, రేపు చూద్దాం" అనేది. ఈ ఇంట్లో నా వైపు మనిషి అదొక్కతే అనుకునేవాణ్ణి.

ఆదివారం నాకు అనుమానమొచ్చింది. కోను నుంచి చెక్‌నట్ మీదికి సన్నగా ఎర్ర రంగు గీత గీశాను. ఎవరూ తాకకపోతే గీత కలిసే ఉండాలి కదా? భోంచేసొచ్చి చూస్తే పైముక్క ఒకచోట, కిందిముక్క ఒకచోట.

ఒళ్ళు మండిపోయింది. స్పానరు ఎవరి జేబులో ఉంటుంది? ఇంక వేరే సాక్ష్యం దేనికి?

"ఏం మావయ్యా, ఇన్నాళ్ళూ నన్ను వెర్రివెధవని చేశారా?" అని అరిచాను. "వద్దంటే వద్దని మొహం మీద చెప్పొచ్చుగా! దొంగచాటుగా కోను బిగించడం దేనికి? నన్ను కూడా ఆ చక్రాల్తో పాటు పైన తగిలించేద్దామనా?"

మావయ్య చక్రం తీసుకుని గీత కేసి చూశాడు. జేబు తడుముకున్నాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"నాన్నని అనకండి. నేనే" అంది నా పెళ్ళాం తెర పక్క నుంచి.

నేను నమ్మలేదు. "నీకేం తెలుసే కోను సంగతి?"

"భోజనానికి కూర్చుంటూ నాన్న చొక్కా మేకుకి తగిలిస్తాడు. మీకు అన్నం వడ్డించి, మంచినీళ్ళు తెస్తానని లేచేదాన్ని" అంది. "చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. ఆడపిల్లవి, గ్రీజులో చేతులెందుకన్నాడే గానీ కళ్ళు మూసుకోమనలేదుగా."

"వెళ్దాం వెళ్దాం అన్నావు కదే నాతో!"

"మీరు అంత సంబరపడుతుంటే వద్దని ఎలా అనను? అక్కడ మీకు చక్రాలు, హాలు, కిటికీలు. నాకేముంది? మీకోసం వండిపెట్టి ఆ కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలి. ఇక్కడైతే మీరిద్దరూ తినే ఆ కాసేపన్నా స్పానరు నా చేతిలో ఉంటుంది." తండ్రి చేతిలోని చక్రానికి చెయ్యి చాపింది. "వారం రోజులు మీ పని పాడుచేశాను. చాలా తప్పు. ఇలా తెండి."

తండ్రి జేబులోంచి తనే స్పానరు తీసింది. ఆయన కాదనలేదు. చెక్‌నట్ వదులు చేసి, కోను మీద వేలు ఆనించి, కళ్ళు మూసుకుని రవ్వంత తిప్పింది. చెక్‌నట్ మళ్ళీ బిగించింది. తువ్వాలుతో తుడిచి చక్రం నా చేతుల్లో పెట్టింది. "ఊగుతుంది. నాన్నకివ్వండి. ఇంక అడ్డం రాను" అంది.

మావయ్య ఇరుసు పట్టుకున్నాడు. వాల్వు కదిలింది. నెమ్మదిగా కిందికి దిగి, అటు ఊగి, ఇటు ఊగి, మళ్ళీ ఊగి... అలా ఊగుతూనే ఉంది. నేను చేసిన ఏ చక్రమూ అంతసేపు ఊగలేదు.

అంతలో ఫోన్ మోగింది. మావయ్య ఫోన్ తీసి, మాట్లాడకముందే నా కేసి చూశాడు. "ఇది నీ చేతి పనేనా?"

అవునంటే సరిపోయేది. గీసిన గీత నాది, కడిగింది నేను, బాల్సు పేర్చింది నేను. ఆఖరి బిగువు ఒక్కటే నాది కాదు. రెండు గదులూ, కిటికీలూ, సముద్రం గాలీ కళ్ళముందు కదిలాయి. నా పెళ్ళాం నా మొహంలోకి చూడకుండా తువ్వాలు మడతపెడుతోంది.

"కాదు. మీ అమ్మాయి పని" అన్నాను. నా నోటితో నేనే తలుపు వేసుకున్నాను.

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆఁ, నేనేనండీ. మా అల్లుడి సంగతి ఇప్పుడే చెప్పలేను. మా అమ్మాయిని తీసుకోండి. కోను దగ్గర నాకంటే దాని చెయ్యే నయం... అవునండీ, ఆడపిల్లే. ఆ ముక్క చక్రానికి తెలీదు కదా... సరే, పంపిస్తా."

ఫోన్ పెట్టేశాడు. నా పెళ్ళానికి ఏడుపూ నవ్వూ కలగలిసి వచ్చేశాయి. కళ్ళు తుడుచుకుని నా కేసి తిరిగింది.

"వస్తారా?"

చూశారా నా రాత! మళ్ళీ ఇల్లరికమే, ఈసారి పెళ్ళాం ఉద్యోగానికి. "రాక చస్తానా" అన్నాను. నవ్వింది.

పని అయిపోయింది కదా, అలవాటు కొద్దీ మావయ్య చెయ్యి చాపాడు. నా పెళ్ళాం తన చేతిలోని స్పానరు కేసి చూసుకుంది, తండ్రి చేతి కేసి చూసింది. ఇవ్వలేదు.

ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని మెల్లగా ఖాళీ జేబు మీద పెట్టుకున్నాడు.

"ఉంచుకో అమ్మా. నేను రేపు ఇంకోటి కొనుక్కుంటాలే" అన్నాడు.

ఎప్పుడెప్పుడు బయటపడదామా అని ఏడ్చినవాణ్ణి, ఆ మాట విన్నాక నాకు అక్కణ్ణించి కాలు కదల్లేదు.