కొట్టివేత

పదకొండో జవాబుపత్రం తీసి బల్ల మీద పెట్టి, డెట్లెఫ్ హార్మ్స్ గోడ గడియారం వైపు చూశాడు. మనిషికి పది నిమిషాలు. దిద్దిన పత్రం చూసుకుని మార్కుల కోసం వాదించుకోవడానికి విద్యార్థులకు ఇచ్చే గడువు అంతే. అతనిది లావు మెడ, మోచేతుల దగ్గర పలచబడ్డ స్వెటర్, కుడిచేతి మధ్యవేలి మీద గట్టిపడ్డ కాయ. ముప్పై ఒక్క ఏళ్ళుగా బీజగణితం పత్రాలు దిద్దడమే అతని పని. డాక్టరేటు మధ్యలో వదిలేసినవాణ్ణి పాఠం చెప్పనివ్వరు. ఒకరి తప్పులు ఏరడానికి మాత్రం పనికొచ్చాడు.

ఆ తప్పులైనా కొత్తవి కావు. ఒక ఉదాహరణ చూపించి నిరూపణ అయిపోయిందంటారు. అన్నిటికన్నా పాతది ab, ba ఒకటే అనుకోవడం. అంకెలకు అలవాటుపడ్డ చెయ్యి, వరస మారిస్తే ఫలితమే మారిపోగల సమూహాల్లోనూ అలాగే రాసేస్తుంది. అది కనిపించగానే హార్మ్స్ చెయ్యి కూడా దానంతటదే గీత గీసేస్తుంది.

ఫ్రౌకె లూడర్స్ కోటు విప్పకుండానే కూర్చుంది. ఆమెకిది మూడో ప్రయత్నం. యాభై కావాలి, నలభై తొమ్మిది వచ్చాయి. మూడోసారీ తప్పితే దేశంలో మరెక్కడా గణితం చదవనివ్వరు.

"నాలుగో ప్రశ్న, హార్మ్స్ గారూ. మూడో వరుస నుంచి అంతా కొట్టేశారు."

"ab, ba ఒకటేనని ఎవరు చెప్పారు మీకు? మీ అమ్మమ్మా?"

"నేనే చెప్పాను. ముందు పేజీ అడుగున. చూశారా?"

అతను పేజీ వెనక్కి తిప్పాడు. a, b రెండూ ఒకే మూలకం ఘాతాలని, అందుకే ఎటు గుణించినా ఒకటేనని, ఆరు వరుసల్లో నిరూపించి ఉంది. అక్కడ ఎర్రసిరా చుక్క కూడా లేదు.

వసారాలో ఎవరో దగ్గారు. నాలుగు నిమిషాలున్నాయి. అక్కడ రాసినట్టు ఇక్కడ సూచించలేదని ఒక్క మాటంటే చాలు, మార్కు కదలదు. అలా అని చాలామందిని పంపించాడు. దిద్దడంలో ఇంకో తప్పు బయటపడితే అతని ఉద్యోగ ఒప్పందం పొడిగించనని ప్రొఫెసర్ కార్స్టెన్స్ మార్చిలోనే చెప్పాడు.

"ఏదో ఒకటి చెప్పండి," అంది ఫ్రౌకె. "కింద మా నాన్న కారులో కూర్చున్నాడు. ఏం చెప్పాలో తెలియాలి నాకు."

హార్మ్స్ 49 కొట్టేసి 55 వేశాడు. కారణం రాసే గడిలో 'దిద్దినవాడు చదవలేదు' అని రాశాడు. ఆమె థాంక్స్ కూడా చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది. చెప్పాల్సిన అవసరమూ లేదు.

మధ్యాహ్నం కార్స్టెన్స్ ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. "ఇలాగా రాసేది? పునఃపరిశీలన అని రాస్తే సరిపోయేది కదయ్యా."

"జరిగింది రాశాను."

"ఇది పైవాళ్ళు చదువుతారు. ఇక నేను నిన్ను కాపాడలేను."

"కాపాడమని ఎవరడిగారు? ఇన్నేళ్ళలో ఎంతమందిని ఇలా చదవకుండా కొట్టేశానో మీకు తెలుసా?"

"నీకు తెలుసా?"

మూడోసారి తప్పినవాళ్ళలో సగం మంది ఆ పది నిమిషాలకు రానేలేదు. వాళ్ళ పత్రాలు ఐదేళ్ళు దాటగానే చించేస్తారు.

మూడు గంటలకు హార్మ్స్ తన గది తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసి, ఇక రానని చెప్పి, వానలో బస్టాపు వైపు నడిచాడు. ఎవరూ పిలవలేదు.

అతను వదిలి వెళ్ళిన ఆ గదిలో కిటికీ గట్టు మీద మూత తీసిన టిఫిన్ డబ్బా ఉంది. అందులో ఒక్కసారి కొరికిన నల్లరొట్టె ముక్క అంచులు పైకి లేచి ఎండుతోంది.