మధ్యలో వచ్చే నిశ్శబ్దం

బస్టాపులో నిలబడి అతను గొంతు సవరించుకున్నాడు. ఎవరూ చూడట్లేదనుకుని "డుగ్ డుగ్ డుగ్" అన్నాడు. తర్వాత "ట్రీఁ... ట్రీఁ..." అన్నాడు. కూరల సంచితో పక్కనే నిలబడ్డ ఆవిడ రెండడుగులు జరిగింది. అతనికిది కొత్త కాదు. రాత్రంతా ఎవరితోనూ మాట్లాడని గొంతు పొద్దున్నే బొంగురుగా ఉంటుంది. ఆసుపత్రి చేరేలోపు సాపు చేసుకోకపోతే పిల్లల ముందు పరువు పోతుంది.

ఎడమ భుజం నిన్నటి నుంచి మళ్ళీ సలుపుతూనే ఉంది. పరీక్షలు చేయించుకోమని డాక్టరు రాసిచ్చిన చీటీ మూడు వారాలుగా చొక్కా జేబులో నలుగుతోంది. రేపు, మాపు అంటూ రోజులు దొర్లిపోయాయి.

పేరుకి అతను స్కాన్ గది దగ్గర అటెండరు. రోగుల్ని తోసుకు రావడం, గాజులూ గొలుసులూ తీయించడం, దుప్పట్లు మార్చడం. కానీ పిల్లల వార్డులో అందరికీ చప్పుళ్ళ తాత. ఎప్పుడో కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను మెట్ల కింద ఖాళీలో అడ్డంగా పడుకోబెట్టుకున్నాడు. స్కాన్‌కి వెళ్ళబోయే పిల్లల్ని ముందు అందులో పడుకోమంటాడు. తను బయట స్టూలు మీద కూర్చుని, ఆ యంత్రం చేసే చప్పుళ్ళన్నీ వరసగా నోటితో చేస్తాడు. విడిచిన చెప్పుల్ని పెట్టె మూతి దగ్గర బయటికి తిప్పి పెట్టిస్తాడు. "బయటికొచ్చాక వేసుకుని ఇంటికెళ్ళిపోవడమే" అంటాడు. పిల్లలకు చప్పుళ్ళకన్నా ఆ చెప్పుల మీదే నమ్మకం ఎక్కువ.

వాళ్ళకు అబద్ధం మాత్రం చెప్పడు. భార్యకు జబ్బు చేసినప్పుడు ఆరు నెలలు చెప్పాడు, "ఏం లేదే, గ్యాసు" అని. ఆమెకు తెలుసు. మొగుణ్ణి బాధపెట్టడమెందుకని ఆమె కూడా గ్యాసే అంది. ఒకే మంచం మీద ఇద్దరూ చెరో అబద్ధం కప్పుకుని పడుకున్నారు. ఆమె పోయింది. చెప్పుకోవలసిన మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి. ఇప్పుడు ఆ ఇంట్లో చప్పుడంటే కుళాయి నుంచి చుక్కచుక్కగా కారే నీళ్ళదే.

"నిన్న రాకుండా నా కొంప ముంచావు బాబాయ్," అంది స్కాన్ తీసే అమ్మాయి. "భుజం నొప్పన్నావు, చీటీ చూపించావా?"

"ఏం లేదులే, గ్యాసు," అన్నాడు. ఆ మాట తన చెవికే అదోలా వినిపించింది. ఆగకుండా నడిచాడు.

ఎనిమిదేళ్ళ పాప మెట్ల దగ్గర తల్లిని కరుచుకుని ఉంది. తలలో ఏముందో చూడాలి. నిన్న స్కాన్ మధ్యలో లేచి పరుగెత్తింది. మత్తిచ్చి తీద్దామంటే పాప ఊపిరితిత్తులు తట్టుకోలేవేమోనని డాక్టర్ల భయం. ఇరవై నిమిషాలు తనంతట తనే కదలకుండా ఉండాలి. ఇవాళ కూడా కాకపోతే ఆ మత్తు తప్పదు.

"ఫోటో తీస్తారంతే, ఏం కాదని చెప్పానండీ," అంది తల్లి తప్పు చేసినదానిలా. "భయపడుతుందని..."

"భయం మనదమ్మా. వాళ్ళ పేరు చెప్పుకుంటాం," అని, పాప ముందు మోకాళ్ళు కిర్రుమనిపిస్తూ స్టూలు మీద కూలబడ్డాడు. "లోపల చాలా గోలగా ఉంటుంది. చలేస్తుంది. సరిగ్గా కదలొద్దన్నప్పుడే ముక్కు దురద పుడుతుంది."

"నొప్పి?"

"యంత్రానికి నొప్పి పెట్టడం రాదు. చేతికి సూది వేస్తారు చూడు, అది మాత్రం నొప్పే. ఐదు లెక్కపెట్టేంతసేపు. నిన్నెందుకు లేచావు?"

"చప్పుడు ఆగిపోయింది కదా. అయిపోయిందనుకున్నా. మళ్ళీ ఒక్కసారిగా వచ్చేసరికి..."

అతను తలూపాడు. ఇన్నేళ్ళలో లేచి పరుగెత్తిన పిల్లలంతా అక్కడే లేచారు. చప్పుళ్ళకు కాదు, మధ్యలో వచ్చే నిశ్శబ్దానికి.

"అప్పుడు ముప్పై లెక్కపెట్టుకో. లోపల ఒక్కదానివే మిగిలిపోయినట్టు ఉంటుంది. నిజమే, ఉంటుంది. కానీ అద్దం అవతల స్కాన్ తీసే అక్కా నేనూ నిన్నే చూస్తుంటాం."

పాప చెప్పులు తిప్పి పెట్టి పెట్టెలోకి దూరింది. అతను డుగ్ డుగ్‌లూ ట్రీఁలూ చేసి, నోరు మూసుకుని ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ అందుకున్నాడు. మూడుసార్లు చేశారు. మూడోసారి పాప కదల్లేదు.

"నువ్వెప్పుడైనా ఇందులో పడుకున్నావా తాతా?" అంది బయటికొచ్చి.

"లేదు. మోకాళ్ళు వంగవు."

"నేను కదలకుండా ఉంటే నువ్వు కూడా పడుకోవాలి. చప్పుళ్ళు నేను చేస్తా."

ఇరుక్కుపోయాడు. మాటంటే మాటే కదా. సరేనన్నాడు.

పదకొండింటికి అద్దం ఇవతల నిలబడి ఆ చిన్న పాదాల్నే చూశాడు. యంత్రం ఆగింది. పాప కాలివేళ్ళు బిగుసుకున్నాయి. అతను పెదాల కింద లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. చప్పుడు మళ్ళీ మొదలైంది. పాదాలు కదల్లేదు. "వచ్చేసింది బాబాయ్, అద్దంలా వచ్చింది బొమ్మ!" అంది స్కాన్ తీసే అమ్మాయి. అతని కళ్ళు తడిశాయి. చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి ఉంటే బాగుండుననిపించింది.

మధ్యాహ్నం పాప తల్లిని లాక్కుని వచ్చింది, బాకీ వసూలుకొచ్చినట్టే. భుజం నొప్పి మోచేతిదాకా దిగి ఉంది. అయినా అతను చెప్పులు విడిచి, మూలుగుతూ లోపలికి జరిగాడు. పాప ఆ చెప్పుల్ని శ్రద్ధగా బయటికి తిప్పి పెట్టింది.

లోపల పైఅట్ట నిండా పెన్సిలు గీతలు. చేపలు, సూర్యుళ్ళు, వంకర ఇళ్ళు. పిల్లలు ఎప్పుడు గీశారో, అతనెప్పుడూ చూడలేదు.

"ఎవర్రా ఇది, మొహమంతా నోరే ఉంది? నేనేనా?"

"నువ్వే! మాట్లాడకు. మొదలెడుతున్నా."

డుగ్ డుగ్ డుగ్. ట్రీఁ. పాప ఒక్కటీ మరచిపోలేదు. తర్వాత ఆగి, ముప్పై దాకా వేళ్ళు మడిచింది. మళ్ళీ అందుకుని చివరిదాకా చేసింది.

"అయిపోయింది తాతా. లేవొచ్చు."

అతను లేవలేదు.

"చూడమ్మా, తాత నాకన్నా బాగా కదలకుండా ఉన్నాడు!"

తల్లి వంగి చూసి కేక పెట్టింది. స్కాన్ తీసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే జేబులోంచి చీటీ జారిపడింది. ఆసుపత్రిలోనే ఉన్నాడు గనక చెయ్యాల్సినవన్నీ చేశారు. అరగంట తర్వాత ఆపేశారు.

"తాత నిద్రపోయాడా?" అని అడిగింది పాప.

అవునమ్మా అనే మాట తల్లి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పాప ఎదురుగా నేల మీద కూర్చుంది.

"లేదు తల్లీ. చనిపోయాడు. గుండె ఆగిపోయింది. ఇంక లేవడు."

"నొప్పి పుట్టిందా?"

"నాకు తెలీదమ్మా," అంది తల్లి, ఏడుస్తూ.

సాయంత్రం మెట్ల కింద ఊడ్చడానికి వచ్చినావిడ పెట్టెను కదపకుండా చుట్టూ ఊడ్చి వెళ్ళింది. దాని మూతి దగ్గర, మడమలు అరిగిన రెండు చెప్పులు బయటివైపుకు తిరిగి ఉన్నాయి.