తిట్టు పడని వేషం

మద్రాసు నుంచి ప్రత్యేకంగా పంపిన సి.ఐ.డి. ఇన్‌స్పెక్టరు మునిరామయ్యకు తెలివి బాగా ఉండేది. ధనంజయకు తెలివీ ఉండేది, కొడవలీ ఉండేది. కొన్నేళ్ళుగా వాళ్ళిద్దరికీ నడుస్తున్న పోటీలో తేడా అంతా అక్కడే వచ్చింది.

యుద్ధం రోజులు. రేణిగుంట నుంచి కాట్పాడి దాకా గూడ్సు బండ్లలో బియ్యం, కిరసనాయిలు మాయమయ్యేవి. అడ్డొచ్చిన మనుషులూ మాయమయ్యేవారు. కాకపోతే వాళ్ళు తర్వాత కొంచెం కొంచెంగా దొరికేవారు. ఒక గార్డు చెయ్యి పాకాల దగ్గర దొరికింది, మిగతా గార్డు చిత్తూరు దగ్గర దొరికాడు. ఇది ధనంజయ పనేనని తిరుపతిలో అందరికీ తెలుసు. అతని మొహం ఎలా ఉంటుందని పోలీసులు అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు. మునిరామయ్య ఒక దారి కాస్తే అతను ఇంకో దారిన పోయేవాడు. పోతూ పోతూ కబురు పెట్టేవాడు: "ఇన్‌స్పెక్టరు సామికి చెప్పండప్పా. నిన్న సంతలో ఆయన పక్కన నిలబడి నేనూ వంకాయలు ఏరుకున్నాను. పాపం, ఆయన ఏరుకునిందంతా పుచ్చులే."

అవి నిజంగానే పుచ్చు వంకాయలు. మునిరామయ్యకు ఎక్కువ బాధ కలిగించిన సంగతి అదే.

హెడ్ కానిస్టేబులు పెంచలయ్య చివరికి ధనంజయ దాక్కునే చోటు కనిపెట్టాడు. పైకి చెప్పేలోగా ఒక సాయంత్రం ధనంజయే అతని ఇంటికి వచ్చాడు. పెంచలయ్య అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. కొడవలి మెడ మీద పడినప్పుడు చేతిలో ముద్ద అలాగే ఉంది. ధనంజయ తాపీగా అతని నాలుక కోసి విస్తరి అంచున పెట్టి, చెంబులో నీళ్ళతో చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మజ్జిగ తేవడానికి వంటింట్లోకి వెళ్ళిన పెంచలయ్య భార్య తిరుమలమ్మ తలుపు సందులోంచి అంతా చూసింది. మొహమూ చూసింది. చూశానని పోలీసులకు చెప్పిన మనిషి ఆ జిల్లాలో ఆమె ఒక్కతే.

వెంటనే కబురు వచ్చింది. "గంగ జాతరలో పాళెగాడి తల పడేలోగా తిరుమలమ్మ తల పడతాది."

తిరుపతిలో పుట్టనివాళ్ళ కోసం ఒక మాట. ఆడవాళ్ళను చెరిచే పాళెగాడొకడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడట. ఆమె రోజుకో వేషం కట్టి, వీధి వీధీ తిరిగి, నోటికొచ్చినట్టు తిట్టి తిట్టి వాణ్ణి బయటికి లాగి తల నరికింది. అందుకే జాతరలో మొక్కున్న మగవాళ్ళు రోజుకో వేషం కడతారు, చివర్లో పాళెగాడి మట్టి తల నరుకుతారు. వాళ్ళు ఊరిని తిడతారు, ఊరు వాళ్ళను తిడుతుంది. తిట్టు పడితే అమ్మ దీవెన. వేషంలో ఉండి కోప్పడితే పాపం. మిగతా ఏడాదంతా మర్యాదగా ఉండడానికి ఆ ఊరు చేసుకున్న ఏర్పాటు అది.

మునిరామయ్య మొదట తిరుమలమ్మను చిత్తూరుకు పంపుతున్నట్టు నాటకం ఆడాడు. చెంగయ్య అనే కానిస్టేబులుకు చీర కట్టించి, ముసుగు వేయించి గుర్రబ్బండి ఎక్కించాడు. వెనక తుపాకులతో నలుగురిని పంపాడు. చంద్రగిరి దాటాక ఆ నలుగురూ గొంతులు తెగి తంగేడు పొదల్లో పడ్డారు. చెంగయ్య మాత్రం తిరిగి వచ్చాడు, తన చెవులు రెండూ కొంగున మూటగట్టుకుని.

"ఏమన్నాడు?" అని అడిగాడు మునిరామయ్య.

"ఆడమనిషికి కమ్మలు లేకుంటే ఎట్లప్పా, నీకు చీర కట్టినోనికి ఆ మాత్రం తెలీదా అన్నాడు సార్." చెంగయ్య కళ్ళు తిరిగి పడిపోయాడు.

తిరుమలమ్మ అసలు ఉన్నది గంగమ్మ గుడికి నాలుగు వీధుల అవతల, మునిరామయ్య అత్తగారు సుబ్బులమ్మ ఇంట్లో. ఊరు వదిలిపొమ్మంటే ఆమె పోనంది. "ఆయన రగతం ఈడ పడినాది సామీ. నేను యాడికి పోయేది?" అని వంటింట్లో రుబ్బురోలు ముందు కూర్చుంది. పని లేకుండా కూర్చుంటే విస్తరి అంచు కళ్ళముందుకొస్తోందని పొద్దస్తమానం ఏదో ఒకటి రుబ్బేది. ఆ ఇంట్లో పచ్చళ్ళకు కొదవ లేకుండా పోయింది.

"రేపు ఒళ్ళంతా మసి పూసుకునే తోటి వేషం. వాడు తప్పకుండా వస్తాడు నాయనా," అంది సుబ్బులమ్మ. "చిన్నప్పుడు వాడికి అమ్మవారు పోసింది. బిడ్డ బతికితే ఊపిరి ఉన్నన్నాళ్ళు తోటి వేషం కట్టిస్తానని వాళ్ళమ్మ మొక్కుకునింది. నీ తుపాకీకి భయపడడు గానీ, మొక్కు తప్పేదానికి భయపడతాడు."

"అయితే వేషాలన్నిటికీ మసి కడిగించి, తిరుమలమ్మకు చూపిస్తాను."

ఈయనకా పిల్లనిచ్చింది అన్నట్టు సుబ్బులమ్మ అల్లుణ్ణి చూసింది. "మొక్కు తీరకముందే మసి కడిగితే ఊరు నిన్ను కడుగుతాది. అయినా కడిగేది ఎవరు? నీ పోలీసులే సగం మంది వేషం కడతా ఉండారు."

మర్నాడు మునిరామయ్యే వేషం కట్టాడు. సుబ్బులమ్మ దగ్గరుండి ఒళ్ళంతా బొగ్గు పూసి, దాని మీద తెల్లచుక్కలు పెట్టి, నడుముకు వేపమండలు చుట్టి, మెడలో నిమ్మకాయల దండ వేసింది. వేపాకు కింద పిస్తోలు దోపుకున్నాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి తృప్తిగా చూసి మొదలుపెట్టింది.

"నీ పాడె గట్ట! పుచ్చొంకాయ మొహమోడా! నిన్ను జూసి పిల్లనిచ్చినామే, మా కండ్లు యాడ పోయినాయో!"

"అత్తయ్యా!"

"కోపగించుకోకూడదు నాయనా. పాపం."

తర్వాతివి ఇక్కడ రాయను. అల్లుణ్ణి తిట్టడానికి దేవుడి అనుమతి ఏడాదికొకసారి దొరికినప్పుడు ఏ అత్తగారూ కొంచెంతో సరిపెట్టుకోదు. రుబ్బురోలు దగ్గర తిరుమలమ్మ నవ్వింది. పెంచలయ్య పోయాక అదే మొదటిసారి. ఎవరు పిలిచినా తలుపు తీయొద్దని చెప్పి మునిరామయ్య బయటపడ్డాడు.

వీధి నిండా నల్లటి ఒళ్ళు, తెల్లటి చుక్కలు. ఎవరు ఎవరో కన్నతల్లి కూడా చెప్పలేదు. గుగ్గిళ్ళమ్మే ముసలమ్మ దారినపోయే ప్రతి వేషాన్నీ పేరుపేరునా తిడుతోంది. అరుగు మీది షావుకారు పై పంచె తీసి పక్కన పెట్టుకుని మరీ తిడుతున్నాడు. మునిరామయ్యకు నాలుగు వీధులు తిరిగేసరికి ఏడు తరాలకు సరిపడా దీవెనలు అందాయి. ధనంజయ మాత్రం దొరకలేదు. పొద్దు వాలుతోంది. మర్నాడే పాళెగాడి తల పడే రోజు.

అప్పుడు గుగ్గిళ్ళ ముసలమ్మ నోరు ఆగిపోయింది.

ఆమె ఎదుట నుంచి ఒక వేషం నడిచిపోతోంది. అందరిలాంటి మసే, అందరిలాంటి చుక్కలే. ముసలమ్మ తల వంచుకుని గంపలో లేని రాయిని ఏరుతోంది. షావుకారు పై పంచె భుజాన వేసుకుని లోపలికి పోయాడు. ఆ వేషం ముందుకు పోతుంటే వీధి అంచెలంచెలుగా మూగబోయింది. అది దాటిపోయాక మళ్ళీ తిట్లు లేచాయి.

మునిరామయ్య నిలబడిపోయాడు. వీళ్ళు మొహం గుర్తుపట్టలేదు. నడక చాలు వీళ్ళకు. ఊరంతా ఊరందరినీ తిట్టే రోజున ఎవరూ తిట్టనివాడు ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడూ సుబ్బులమ్మ ఇంటి సందులోకి తిరిగాడు.

మునిరామయ్య పరుగెత్తి ఆ సందులో అతని వెనక నిలబడి, జన్మలో మొదటిసారి ఒక మనిషిని తిట్టాడు. "ఒరే దొంగవెధవా!"

వెనకే వచ్చి సందు మొగలో గుమికూడినవాళ్ళు గోడలకు అతుక్కుపోయారు. ఆ వేషం మెల్లగా తిరిగింది. మసిలో పళ్ళు తెల్లగా కనిపించాయి.

"తిట్టు కుదరలేదు సామీ. మీ అత్తనడిగి ఇంకొంచెం నేర్చుకోని రాపో."

మునిరామయ్య పిస్తోలు లాగాడు. అది వేపమండల తాడులో చిక్కుకుంది. ధనంజయ నడుమున వేపాకుల్లోంచి కొడవలి సునాయాసంగా వచ్చింది. వేషం కట్టడం కూడా అతనికే బాగా తెలుసు. మొదటి వేటుకు మునిరామయ్య కుడిచేతి వేళ్ళు రెండు తెగి పిస్తోలుతో పాటు మట్టిలో పడ్డాయి. రెండో వేటు భుజంలో దిగింది. అతను సుబ్బులమ్మ గడప మీద వెల్లకిలా పడ్డాడు. రక్తం మసిని కడుగుతూ కారింది. ధనంజయ అతని రొమ్ము మీద కాలు పెట్టి, తలుపును మడమతో తన్నాడు.

"తిరుమలమ్మా, వాకిలి తెరువు. ఈయప్ప తల ముందర తీసేదా, నీది తీసేదా?"

తలుపు తెరుచుకుంది. తిరుమలమ్మ రెండు చేతులా రుబ్బురోటి పొత్రం ఎత్తి పట్టుకుని ఉంది.

"అన్నం ముందర కూర్చున్నోణ్ణి నరికినోడా! ఎంగిలి చెంబులో చెయ్యి కడుక్కున్నోడా! నీ చేతులు పడిపోను, నీ నోట మన్ను బడ, నిన్ను మోసేదానికి నలుగురు దొరక్కపోను!"

సందు మొగలో గుగ్గిళ్ళ ముసలమ్మ గంప దించి అందుకుంది. "అవునురా ధనంజయా, నీ వంశం మాడిపోను!" అతని పేరు వీధిలో గట్టిగా వినిపించడం అదే మొదలు. షావుకారు అరిచాడు. తర్వాత ఇళ్ళు, అరుగులు, మిద్దెలు, అన్నీ అరిచాయి. ఇన్నాళ్ళూ మింగిన తిట్లన్నీ ఒక్కసారిగా కక్కాయి.

ధనంజయ కళ్ళు ఎర్రబడ్డాయి. కొడవలి ఎత్తి జనం వైపు తిరిగాడు.

"ఏషంలో కోపగించుకుంటాడు రోయ్!" అని ఎవరో కేక పెట్టారు. "అమ్మ సూస్తా ఉండాది!"

తుపాకులకు ఆగని చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగింది. తిరుమలమ్మకు అది చాలు. మొదటి దెబ్బకు మణికట్టు చెరుకుగడలా విరిగింది. రెండో దెబ్బకు మోకాలి చిప్ప నలిగింది. అతను కూలాక ఆ రెండో చేతిని గడపమీద పెట్టి చింతపండు దంచినట్టు దంచింది. జనం రాళ్ళతో మీద పడుతుంటే, మునిరామయ్య పాకి వెళ్ళి ధనంజయ మీద బోర్లా పడుకున్నాడు. ఇన్నేళ్ళు చంపాలనుకున్నవాడి కోసం మూడు రాళ్ళు తన వీపు మీద కాశాడు.

"వీడు కోర్టుకు రావాలి," అన్నాడు. ఆ సమయంలో కూడా అదే మాట అనగలిగాడంటే, ఆయన పోలీసుద్యోగానికే పుట్టాడు.

మర్నాడు పాళెగాడి మట్టి తల తెగిపడింది. తిరుమలమ్మ తన తలమీద తడి కొంగు కప్పుకుని ముందు వరసలో నిలబడి చూసింది.

చిత్తూరు కోర్టులో బోనులో ఉన్నవాడు ఇతనేనా అని జడ్జీ అడిగారు. ఆమె ఇతనేనంది. ఆ రోజు నువ్వు అన్నదేమిటో ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. ఉన్నదున్నట్టే చెప్పింది. రాసుకునే గుమాస్తా మధ్యలో కలం కింద పెట్టి మంచినీళ్ళు తాగాడు. ఆమె వెనక సాక్షుల బెంచీ మీద గుగ్గిళ్ళ ముసలమ్మ, షావుకారు, మొహం ఎలా ఉంటుందో తెలియదన్న మరి కొంతమందీ తమ వంతు కోసం కూర్చున్నారు.

ధనంజయను ఉరి తీశారు. మునిరామయ్య ఆ వార్త చెప్పడానికి అత్తగారింటికి వచ్చాడు. సుబ్బులమ్మ మూడువేళ్ళ కుడిచేతికి మజ్జిగ గ్లాసు అందించి, అంతా విని అంది:

"ఉరి తీసినారు, మంచిదే. సాక్ష్యమని నా పొత్రం ఎత్తుకుపోతిరి కదా, అది యాడప్పా? నెలలుగా పచ్చడి లేకుండా ముద్ద దిగేది ఎట్ల?"